గోల్డ్‌ఫించ్ ఎప్పుడు వెళ్లిపోయింది?

(ప్లాటినం జూబ్లీ సభలలో తల్లిదండ్రులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదు సంవత్సరాల పాఠశాల చరిత్రను గురించి, స్థలదాతలను గురించి, తొలితరం గురువులను గురించి ప్రసంగించవలసినవారు ఈ సభలో అనేకులు ఉన్నారు. విజ్ఞానశాస్త్ర విభాగానికి కేటాయించిన ఈ కొద్ది సమయం మాత్రం ఒక పిట్టకు దక్కింది. అది ఈ దేశపు పిట్ట కాదు. ఉత్తర అమెరికాలో కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో వరకు తిరుగాడే అమెరికన్ గోల్డ్‌ఫించ్ అది. అయినా దానికీ, ఈ సభలో కూర్చున్న అనేక కుటుంబాలకూ నడుమ ఒక సంబంధం ఉన్నది. వర్షాలు వెనుకబట్టాక కోరాపుట్టు, రాయగడ కొండవాలుల మీద పసుపుబట్ట ఆరవేసినట్లు పూసే వలిసె పైరే ఆ సంబంధం.

వలిసెలు ఇథియోపియా ఎత్తుభూములలో పుట్టిన పంట. ఎన్నో శతాబ్దాల క్రితమే భారతదేశానికి వచ్చి ఇక్కడి మొక్కే అన్నట్లు స్థిరపడింది. దేశంలో వలిసెలు విస్తారంగా పండించే రాష్ట్రాలలో ఒడిశా ఒకటి. అవతల ఆంధ్రప్రదేశ్‌లో అరకు లోయ ఈ పూలకు పెట్టింది పేరు. ఎరువు అడగని పంట, రాతినేలలోనైనా నిలిచే పంట. గింజ నుంచి నూనె, నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకు, పూల మీద వాలిన తేనెటీగల వల్ల తేనె. ఇంతవరకు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. సంతలో కొలిచి కొన్న గింజలలో కొంత భాగం గానుగకు పోకుండా ఓడ ఎక్కుతుందన్న సంగతి మాత్రం పండించిన రైతుకే చాలాసార్లు తెలియదు. అమెరికాలో ఆ గింజను మనుషులు తినరు. సన్నని రంధ్రాలున్న గొట్టాలలో పోసి, పెరటి చెట్టుకు వేలాడదీసి, పిట్టలకు పెడతారు. ఆ గొట్టం మీద అందరికంటె ముందు వాలే అతిథి గోల్డ్‌ఫించ్.

ఆ దేశంలో అడుగుపెట్టే ముందు వలిసెలు అగ్నిపరీక్ష దాటాలి. గింజలలో బంగారుతీగ వంటి కలుపు మొక్కల విత్తనాలు కలిసి ఉండవచ్చునన్న భయంతో, దాదాపు 120 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పదిహేను నిమిషాల పాటు వాటిని వేడిచేయాలన్నది అక్కడి నిబంధన. అంటే పిట్ట తినగలదు కాని, నేల మీద పడిన గింజ మొలవదు. ఇంకొక చిత్రమేమిటంటే, అక్కడి అంగళ్లలో దీనిని చాలాకాలం థిసిల్ అనే ముళ్లమొక్క గింజ అన్న పేరుతో అమ్మారు. థిసిల్ ఆ పిట్టకు ప్రియమైన ఆహారం గనుక కొనేవారు నమ్మారు. కొండవాలున గిరిజన రైతు పండించిన పంటకు తన పేరు సైతం దక్కకపోవడం అన్యాయమే.

ఇక పిట్ట సంగతి. బరువు తులమో తులమున్నరో. వేసవిలో మగపిట్ట నిమ్మపండు రంగులో మెరుస్తుంది. నుదుటి మీద నల్లని టోపీ, నల్లని రెక్కల మీద తెల్లని చారలు. ఎగిరినప్పుడు అల మీద పడవవలె లేస్తూ వాలుతూ పోతుంది. న్యూజెర్సీ, అయోవా, వాషింగ్టన్ అనే మూడు రాష్ట్రాలు దీనిని తమ రాష్ట్రపక్షిగా ప్రకటించుకొన్నాయి. ఇంత అందమైన పిట్ట శరదృతువు వచ్చేసరికి కనబడకుండా పోతుంది. కనీసం, చాలామంది గృహస్థులు అలాగే అనుకొంటారు. సెప్టెంబరు గడిచాక తమ పుస్తకంలో "గోల్డ్‌ఫించ్‌లు వెళ్లిపోయాయి" అని రాసుకొంటారు.

అనేకచోట్ల అవి వెళ్లవు. గొట్టం మీద కూర్చుని అదే గింజను ఒలుచుకొని తింటూనే ఉంటాయి. మారినది వేషం.

చెరువు గట్టున ఈతచెట్లకు వేలాడే గిజిగాడి గూళ్లను చూసి పెరిగినవారికి ఈ విషయం బోధించనక్కరలేదు. వానాకాలంలో మగ గిజిగాడి తల, రొమ్ము పచ్చగా వెలుగుతాయి. గూళ్ల పని ముగిసి పిల్లలు ఎగిరిపోయాక అదే గిజిగాడు ఊరపిచ్చుకను పోలిన గోధుమరంగుకు దిగుతుంది. పొలంలో వందల గుంపుగా వాలినా, గిజిగాళ్లని ఎవరూ గుర్తించరు. గోల్డ్‌ఫించ్ కూడా అంతే. శరత్తులో ఒంటిమీది ఈకలన్నిటినీ, రెక్కలతో తోకతో సహా, మార్చుకొని బూడిద కలిసిన ఆకుపచ్చ గోధుమరంగు ధరిస్తుంది. మళ్లీ చలికాలం చివర ఒంటి ఈకలను మాత్రం మార్చి పసుపు తొడుగుతుంది. దాని వంశంలో ఇలా ఏడాదికి రెండుసార్లు ఒంటి ఈకలు మార్చుకొనే పక్షి అదొక్కటేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. ముక్కు రంగు కూడా మారుతుంది. వేసవిలో నారింజ, శీతకాలంలో మసిరంగు.

కాబట్టి అక్కడి పక్షి పరిశీలకుడు నవంబరులో "ఈ సంవత్సరం గోల్డ్‌ఫించ్ ఆలస్యంగా కనిపించింది" అని రాస్తే, పాఠకుడు వెంటనే మూడు ప్రశ్నలు వేయాలి. పసుపు ఇంకా పోని మగపిట్ట కనిపించిందా? వెళ్లిపోవలసిన గుంపు ఇంకా వెళ్లకుండా ఉన్నదా? లేక, ఇక్కడి గుంపు దక్షిణానికి పోయాక, ఇంకా ఉత్తరాన కెనడా నుంచి దిగివచ్చిన వేరొక గుంపు అదే గొట్టం మీద వాలిందా? మూడింటికీ మాట ఒకటే, అర్థాలు వేరు. కాలికి గుర్తువేయని పిట్ట తన ఊరు చెప్పదు గదా. శీతకాలపు గుంపులో పైన్ సిస్కిన్ అనే చారల పిట్ట కలిసి తిరగడం నాలుగవ చిక్కు. తొందరపడే కంటికి రెండూ ఒకటిగానే తోస్తాయి.

ఆలస్యమన్నది ఈ పిట్ట స్వభావంలోనే ఉన్నది. ఇతర పక్షులు వసంతం రాగానే గూడు కట్టి, జూన్ నాటికి పిల్లలను ఎగరవేస్తుంటే, గోల్డ్‌ఫించ్ నింపాదిగా గింజలు తింటూ కూర్చుంటుంది. జూన్ చివర, ఎక్కువగా జూలైలో గాని గూటికి పూనుకోదు. అప్పుడు గాని థిసిల్ మొక్కల కాయలు పగిలి దూది బయటపడదు. ఇంకొకటి మిల్క్‌వీడ్, అది ఈ ఊరి జిల్లేడుకు దగ్గర చుట్టం. జిల్లేడు కాయ పగిలి, ప్రతి గింజకూ ఒక దూదిపింజ మొలిచి గాలిలో తేలిపోతుంటే వెంటబడని పిల్లలు ఈ పాఠశాలలో ఉండరు. ఆ దూదినే గోల్డ్‌ఫించ్ గూటిలో పరుస్తుంది. సాలెగూటి దారాలతో గూటిని కొమ్మకు కట్టి, నారతో ఎంత బిగువుగా అల్లుతుందంటే, అందులో వాననీరు కొంతసేపు నిలబడగలదు. ఆడపిట్ట నాలుగైదు గుడ్లు పెట్టి దాదాపు రెండు వారాలు పొదుగుతుంది. ఆ రోజులలో మగపిట్ట తెచ్చి తినిపిస్తుంది.

ఈ పిట్ట పిల్లలకు పురుగులు పెట్టకపోవడం మరొక విశేషం. గింజలు తినే పక్షులు కూడా పిల్లలను పురుగులతోనే పెంచుతాయి. ఊరపిచ్చుకను చూసినవారికి ఆ సంగతి తెలుసు. గోల్డ్‌ఫించ్ పిల్లలకు సైతం గింజలే నమిలి అందిస్తుంది. అందువల్ల ఒక వింత జరుగుతుంది. కోకిల కాకిగూటిలో గుడ్డుపెట్టినట్లు, కౌబర్డ్ అనే పక్షి అక్కడ అన్యుల గూళ్లలో గుడ్లు పెడుతుంది. గోల్డ్‌ఫించ్ గూటిలో పెట్టినా ఆ పిల్ల పొదగబడుతుంది. కాని గింజల తిండి మీద మూడు రోజులకు మించి బ్రతకదు. ఎవరినీ వెళ్లగొట్టకుండా, ఎవరితోనూ కలహించకుండా, తన శాకాహారంతోనే ఆ తల్లి దొంగగుడ్డు బెడదను వదిలించుకొంటుంది.

ఆగస్టులో, కొన్నిచోట్ల సెప్టెంబరులో కూడా, ఇంకా కళ్లు తెరవని పిల్లలతో ఉన్న గూళ్లు కనబడతాయి. ఆ సమయంలోనే బాటల పక్కన ఎండిన ముళ్లమొక్కలు చూపునకు అసహ్యంగా ఉన్నాయని కోత యంత్రాలు బయలుదేరుతాయి. ఐరోపా నుంచి వచ్చిన కొన్ని థిసిల్ జాతులను కలుపుగా ప్రకటించి నిర్మూలించడంలో రైతుల ఇబ్బంది నిజమైనదే. పొలం పాడయ్యేటప్పుడు పిట్ట అందం చూడమని వారికి చెప్పలేము. అయినా కోత మూడు నాలుగు వారాలు ఆగితే గూళ్లు దక్కుతాయి. ఆ మూడు నాలుగు వారాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో చెప్పగలిగేది అధికారి కాదు. సెప్టెంబరులో కూడా ఆ పొద దగ్గరకు వెళ్లి, గూడు చూసి, తేదీ రాసిన మనిషి. ఆలస్యపు తేదీకి విలువ వచ్చేది ఇక్కడ.

తేదీలు రాసిన మనుషులను గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. 1881లో వెల్స్ కుక్ అనే యువ అధ్యాపకుడు మిసిసిపి నదీలోయలో ఉన్న పరిచయస్తులకు ఒక కోరిక పంపాడు: వలసపక్షులు మీ ఊరికి ఎన్నడు వచ్చాయో రాసి పంపండి అని. కొద్ది సంవత్సరాలలో అది దేశమంతా పాకింది. రైతులు, ఉపాధ్యాయులు, దీపస్తంభాల కాపలాదారులు, గృహిణులు చిన్న చీటీల మీద రాసి పంపసాగారు. మొదట కనబడిన తేదీ, మరల కనబడిన తేదీ, విరివిగా కనబడసాగిన తేదీ, చివరిసారి కనబడిన తేదీ, అక్కడ గూడు కట్టునా లేదా. ఇంతే. 1970లో ఆ పథకం ముగిసేనాటికి దాదాపు అరవై లక్షల చీటీలు పోగుపడ్డాయి. కాలం చెల్లిన కాగితాలుగా పోవలసిన వాటిని చాండ్లర్ రాబిన్స్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు భద్రపరచాడు. 2009 నుంచి స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క చీటీని చదివి కంప్యూటర్లలోకి ఎక్కించసాగారు. తాత రాసిన చీటీని మనుమడి తరం చదువుతున్నది. వాతావరణం వేడెక్కడం వల్ల పక్షుల రాకపోకలు ఎంత జరిగాయో తేల్చడానికి, అటువంటి ఆలోచన ఏదీ లేని రోజులలో రాసిన ఆ చీటీలే ఇవాళ ఆధారం.

ఆ చీటీలలో మొదటి తేదీ గడి సులువుగా నిండుతుంది. చివరి తేదీ గడి కష్టం. పిట్ట మొదట కనబడిన రోజున మనిషి సంతోషంతో పుస్తకం తీసి రాస్తాడు. కాని చివరిసారి కనబడిన రోజున అది చివరిసారి అని ఎవరికి తెలుసు? తరువాత పది రోజులు, ఇరవై రోజులు, అదే చోటికి వెళ్లి, చలిలో నిలబడి, ఏమీ చూడక తిరిగివచ్చినవాడికే ఆ వెనుకటి తేదీ చివరిదని తెలుస్తుంది. మధ్యలో విసిగి మానుకొన్నవాడు రాసేది పిట్ట వెళ్లిపోయిన తేదీ కాదు, తాను చూడడం మానుకొన్న తేదీ.

ఈ తేడా ఉపాధ్యాయులకు బాగా తెలియాలి. హాజరుపట్టీలో పిల్లవాడు రాని రోజున గైర్హాజరు గుర్తు వేస్తారు. బడికి సెలవైన రోజున వేయరు. ఒకవేళ ఉపాధ్యాయుడు ఆ రోజు పేర్లే పిలవక గడిని ఖాళీగా వదిలితే, సంవత్సరం చివర ఆ ఖాళీని చూసి పిల్లవాడు వచ్చాడనగలమా, రాలేదనగలమా? ఖాళీ గడి వేరు, సున్న వేసిన గడి వేరు. పక్షుల పుస్తకాలలో తొంభైపాళ్లు ఖాళీ గడులే ఉంటాయి. ఎందుకంటే కనబడలేదని రాయడం మనిషికి చిన్నతనంగా తోస్తుంది.

ఇంకొక మోసం కూడా ఉన్నది, అది అంకెల మోసం. మామిడితోటలో కోతలు ముగిశాక ఒక్క పిల్లవాడు వెతికితే, ఆఖరి కాయ దొరికిన రోజు జ్యేష్ఠంలో ఏదో ఒకటి అవుతుంది. అదే తోటలో వందమంది పిల్లలను వదిలితే ఆకుల చాటున ఉన్న కాయ ఆషాఢంలో కూడా దొరుకుతుంది. చెట్టు మారలేదు, కాపు మారలేదు, వెతికే కళ్లు పెరిగాయి. వంద సంవత్సరాల క్రితం ఒక పట్టణంలో ఇద్దరు ముగ్గురు పక్షులను చూసేవారు ఉంటే, నేడు వందలమంది ఉన్నారు. గోల్డ్‌ఫించ్ చివరి తేదీ డిసెంబరుకు జరిగిందని ఎవరైనా చెబితే, జరిగినది పక్షా, పరిశీలకుల లెక్కా అని విచారించకుండా వాతావరణం మారిందని ప్రకటించడం తొందరపాటు. వాతావరణం మారుతున్నది, అందులో సందేహం లేదు. కాని నిజమైన సంగతికి అబద్ధపు సాక్ష్యం తేవడం నిజానికి మేలు చేయదు. పైగా పెరటి గింజల గొట్టాలున్నవి. మంచు కప్పి అడవి గింజ దొరకని చోట కూడా వలిసెలు, పొద్దుతిరుగుడు గింజలు దొరుకుతుంటే పిట్ట ఆగిపోవచ్చు. ఏ కారణం ఎంత అన్నది విడదీయడానికి ఎన్ని గంటలు చూశారు, ఎంతమంది చూశారు అన్న లెక్క కావాలి.

1900 డిసెంబరు 25న ఫ్రాంక్ చాప్మన్ ప్రారంభించిన క్రిస్మస్ పక్షిగణన ఈ కారణంగానే గౌరవం పొందింది. పండుగనాడు తుపాకులతో బయలుదేరి ఎవరు ఎక్కువ పక్షులను చంపారని పోటీపడే అలవాటుకు బదులుగా, చంపకుండా లెక్కపెట్టుదామని ఆయన అన్నాడు. మొదటి సంవత్సరం 25 చోట్ల 27 మంది పాల్గొన్నారు. నేటికీ ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 వరకు ఆ గణన జరుగుతూనే ఉన్నది. ఎన్ని పిట్టలన్నదానితోబాటు ఎన్ని గంటలన్నది కూడా రాయడం అక్కడి పద్ధతి. 1976లో కెనడాలోని అంటారియోలో పెరటి గొట్టాల లెక్కింపు మొదలై, 1987 చలికాలం నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర కేంద్రం తోడ్పాటుతో ఖండమంతటా వ్యాపించింది. అక్కడ నియమం ఇంకా చక్కనిది. రోజంతా వచ్చిపోయిన పిట్టలను కూడగూడదు. ఒక్కసారిగా కంటికి కనిపించిన అత్యధిక సంఖ్యనే రాయాలి. లేకపోతే ఒకే పిట్ట ఇరవైసార్లు వచ్చి ఇరవై పిట్టలవుతుంది.

అటువంటి గృహస్థుల కళ్లే ఒక వ్యాధిని పట్టిచ్చాయి. 1994 ఆరంభంలో వాషింగ్టన్ నగర పరిసరాలలో హౌస్ ఫించ్ అనే పిట్టలు కళ్లు వాచి, రెప్పలు అంటుకొని, గొట్టం కింద గుడ్డిగా కూర్చుని ఉండడం పెరటిలో చూసినవారు గమనించారు. అంతవరకు కోళ్లలో తెలిసిన మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి అడవి పక్షులలోకి వచ్చిందని పరీక్షలలో తేలింది. వేల మంది నెలనెలా పంపిన చీటీల వల్ల వ్యాధి ఏ నెలలో ఏ రాష్ట్రానికి పాకిందో పటం మీద గీయగలిగారు. కొన్ని సంవత్సరాలలో తూర్పు ప్రాంతంలో ఆ పిట్టల సంఖ్య అనేకచోట్ల దాదాపు సగానికి పడిపోయింది. గోల్డ్‌ఫించ్‌కు కూడా ఆ వ్యాధి సోకింది. ప్రేమతో వేలాడదీసిన గొట్టమే అంటువ్యాధికి నెలవైతే ఏమి చేయాలి? రెండు వారాలకొకసారి కడిగి ఆరబెట్టమని, జబ్బు పిట్ట కనబడితే కొంతకాలం గొట్టాన్ని దించివేయమని చెప్పారు. దించివేసిన ఇంట ఆ శీతకాలం గోల్డ్‌ఫించ్ కనబడదు. అప్పుడు పుస్తకంలో సున్నతోబాటు కారణం కూడా రాయాలి. పాతబడి నూనె ఎండిపోయిన వలిసె గింజను గోల్డ్‌ఫించ్ ముట్టదు. గింజ మార్చని ఇంటివారు కూడా పిట్టలు వెళ్లిపోయాయనే రాస్తారు.

ఇంత చలిలో తులమెత్తు పిట్ట ఎలా బ్రతుకుతుందని పిల్లలు తప్పక అడుగుతారు. మిషిగన్‌లోని పరిశోధకులు 1970ల నాటి ప్రయోగాలలో, శీతకాలానికి అలవాటుపడిన గోల్డ్‌ఫించ్‌లు సున్నకు డెబ్బయి డిగ్రీల దిగువ చలిలో కూడా గంటల తరబడి తమ ఒంటి వేడిని నిలుపుకోగలవని, వేసవిలో పట్టిన పిట్టలు ఒక గంట కూడా తాళలేవని చూపారు. పిట్ట అదే; కాలంతోబాటు దాని దేహం లోపల కూడా మారిందన్నమాట. ఈకల రంగు మారడం దానిలో పైకి కనబడే భాగం మాత్రమే.

భారతదేశంలో గోల్డ్‌ఫించ్ లేదా అంటే, ఉన్నది. ఐరోపా జాతికి దగ్గర బంధువు ఒకటి హిమాలయాలలో నివసించి శీతకాలంలో కొండ అడుగులకు దిగుతుంది. ముఖం మీద ఎరుపు, రెక్కలో బంగారు పట్టె. అది దక్షిణానికి రాదు. ఇక్కడివారు చూడవలసిన ఆఖరి తేదీలు వేరే పక్షులవి. చిలికా సరస్సులో ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. శీతకాలపు అతిథులలో అధికభాగం మార్చి ముగిసేలోగా ఉత్తరదిశకు మరలుతాయి. పెద్ద సరస్సును నిపుణులు చూసుకొంటారు. ఊరి చెరువును, కొండవాగును చూసేవారు లేరు. శరత్తులో వచ్చి వాగురాళ్ల మీద పొడవైన తోక ఆడిస్తూ తిరిగే సన్నని బూడిదరంగు పిట్ట ఏ రోజు వచ్చింది, ఏ రోజు చివరిసారి కనబడింది? బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం 2007లో మైగ్రెంట్‌వాచ్ పేరుతో సరిగ్గా ఈ ప్రశ్ననే దేశప్రజలను అడిగింది. ఇప్పుడు అటువంటి వివరాలు ఈబర్డ్ అనే ప్రపంచవ్యాప్త జాబితాలో చేరుతున్నాయి. అందులో ప్రతి జాబితా చివర ఒక ప్రశ్న ఉంటుంది: గుర్తించిన పక్షులన్నిటినీ రాశారా? అవునని చెప్పిన జాబితాలో లేని పక్షి ఆ రోజు కనబడలేదని అర్థం. హాజరుపట్టీలోని సున్న అదే.

దేశంలో వలిసె సాగు గత కొన్ని దశాబ్దాలలో బాగా తగ్గిపోయింది. కొండవాలున ఏ సంవత్సరం ఏ చేను పసుపు పూయడం మానివేసిందో ఏ పుస్తకంలోనైనా ఉన్నదా? చివరి పంట కోసిన రైతుకు కూడా అది చివరిదని ఆనాడు తెలిసి ఉండదు. ఈ సభలో ఉన్న పెద్దలు కొందరు తమ ఊళ్లను తలచుకొని ఒక సంవత్సరం చెప్పగలరు. చెప్పగలిగినవారు తప్పక రాయించాలి. ఉజ్జాయింపు అయితే ఉజ్జాయింపని రాయించాలి.

ఈ ఆవరణలో ప్రహరీ అవతల చెరువు గట్టు మీది ఈతచెట్లలో గిజిగాడి గూళ్లు ఉన్నవి. జూబ్లీ సంవత్సరం సందర్భంగా విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో దళసరి అట్ట వేసిన పెద్ద నోటుపుస్తకం ఒకటి ఉంచడం జరిగింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు వంతులవారీగా, ఆదివారాలతో సహా, ఉదయం అరగంట గట్టు మీద నిలబడతారు. తేదీ, గడియారపు వేళ, చూసినవారి పేర్లు, పసుపు తలల మగపిట్టలెన్ని, గోధుమరంగువెన్ని, వాతావరణం. చివరి గడి పేర్ల కోసం. ఆ పిట్టను ఇంట్లో అమ్మమ్మ ఏమని పిలిచేది, ఒడియాలో ఏమంటారు, పక్క గూడెంలో ఏమంటారు అని పిల్లలు అడిగి రాయాలి. గిజిగాడు అన్న మాట తెలియని పిల్లలు ఈ తెలుగుబడిలోనే తరగతికి అరడజను మంది ఉన్నారన్నది పుస్తకం ప్రారంభించిన మొదటి వారంలోనే బయటపడింది. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పకుండా దాచడం ధర్మం కాదు.

పసుపు తలలు మానిన తరువాత కూడా గట్టుకు వెళ్లాలా అని ఒక విద్యార్థి అడిగాడు. వెళ్లాలి. పసుపు కనబడని మొదటి రోజు నుంచి ముప్ఫై రోజులు వెళ్లి, ఆ గడిలో ప్రతిరోజూ సున్న వేయాలి. ముప్ఫయ్యవ సున్న వేసిన పిల్లలు పేజీలు వెనుకకు తిప్పి, చివరి పసుపు తల కనబడిన తేదీ కింద ఎర్రసిరాతో గీత గీయాలి. ఆ తేదీన గట్టు మీద నిలబడినవారి పేర్లు పుస్తకంలో ముందే ఉంటాయి. పూర్వ విద్యార్థులు సభ ముగిశాక ప్రయోగశాలకు వెళ్లి పుస్తకం చూడవచ్చు. తమ కాలంలో గట్టు మీద ఎన్ని ఈతచెట్లు ఉండేవో గుర్తున్నవారికోసం చివర నాలుగు పేజీలు విడిచిపెట్టి, పక్కన కలం కూడా ఉంచారు.